కట్టెలతో పాటు మా వంతూ పోయింది



వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వాళ్ళు అడిగినప్పుడు అందరూ చేసే పనే మేమూ చేయబోయాం. 'క్రమశిక్షణ', 'కాలం విలువ', 'యువత – దేశ భవిష్యత్తు' అని వరసగా శీర్షికలు రాసుకుని, వరసగా కొట్టేశాం. అవన్నీ పాత సంచికల్లో ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టే ఉన్నాయి. చివరికి ఇంటి పని గురించి రాస్తామన్నాం. "అది అమ్మాయిల హాస్టలు సంచికకు ఇవ్వాల్సింది కదా" అని మా గదిలోనే ఒకరు నవ్వారు. మిగతా వాళ్ళం కూడా నవ్వాం. ఆ నవ్వు తరవాత మాకే నచ్చలేదు. ఈ వ్యాసం అందుకే.

మా ఇంట్లో మేం పద్నాలుగు మందిమి. నాయనమ్మ, ఆమె కొడుకులు ముగ్గురు, కోడళ్ళు ముగ్గురు, పిల్లలం ఏడుగురం. ఉయ్యూరుకు దగ్గరలో కాలువ గట్టు పక్కన మా పేట. గదులు మూడున్నా పొయ్యి ఒకటే. వేరు పడదామన్న మాట ఏడాదికి ఒకసారైనా లేచేది. మూడు పొయ్యిలకు కట్టె ఎక్కణ్ణుంచి తెస్తారని నాయనమ్మ అడిగేది. ఆ ప్రశ్న దగ్గర మాట ఆగిపోయేది. ఉమ్మడి కుటుంబాన్ని ప్రేమానురాగాలు నిలబెడతాయని పాఠ్యపుస్తకాల్లో చదివాం. కాదనం. మా ఇంటిని నిలబెట్టిన వాటిలో కట్టెల కరువు కూడా ఒకటి.

డెల్టా అంటే బయటివాళ్ళకు పచ్చని చేలు, నిండు కాలువలు గుర్తొస్తాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్ళు పారిన నేలంతా వరికి పోయింది. అడవి లేదు, బీడు లేదు, సెంటు భూమి లేనివాడు పుల్ల ఏరుకోవడానికి సొంత చెట్టూ లేదు. నూజివీడు వైపు వాళ్ళకు మామిడి తోటలున్నాయి, నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తి కట్టె ఉంటుంది, సముద్రం పక్క ఊళ్ళకు సరుగుడు ఉంటుంది. మాకు మాత్రం కొబ్బరి మట్టలు, తాటి మట్టలు, పిడకలు, ఊక. కొబ్బరి మట్ట భగ్గున మండి బియ్యం ఉడికేలోపు ఆరిపోతుంది. పద్నాలుగు మందికి అన్నం వార్చాలంటే తుమ్మ కావాల్సిందే.

వేసవిలో కాలువలు కట్టేశాక గట్టు మీది తుమ్మలకు వేలం పెట్టేవారు. మా నాన్న, పెదనాన్న, చిన్నాన్న ఇంకో రెండు ఇళ్ళ వాళ్ళతో కలిసి ఒక చెట్టు పాడుకునేవారు. తుమ్మను పచ్చిమీదే చీల్చాలి. ఎండిందంటే గొడ్డలి దిగదు, ఎగిరి వెనక్కొస్తుంది. అందుకని చెట్టు ఇంటికి చేరిన నాటి నుంచి పని పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరికీ వేరే ధ్యాస ఉండేది కాదు. కొమ్మలు కొట్టి, మొదలును రంపంతో ముక్కలు కోసి, ముక్కను నిలబెట్టి, పగులు ఏ పక్కకు పోతోందో చూసి అక్కడ ఇనప మేకు దిగ్గొట్టేవారు. దాని మీద పెదనాన్న సమ్మెట వేసేవాడు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో లోపల కర్ర చిటచిటమని మొదలయ్యేది. "జరగండిరా" అని పెదనాన్న అరిచేవాడు. ముడి ఉన్న మొద్దు మాత్రం మేకును మింగేసి కూర్చునేది. దాన్ని తీయడానికి ఇంకో మేకు, దాన్ని తీయడానికి మరో గంట. అట్లాంటి మొద్దును చివరికి విసిగిపోయి దూరంగా దొర్లించేసేవాళ్ళం. అదే నాయనమ్మకు కూర్చునే పీట అయ్యేది.

చీలిన పేళ్ళను నాన్న గొడ్డలితో సన్నం చేసేవాడు. వాటిని గాలి ఆడేట్టు గూడు కట్టడం మా మగపిల్లల పని. చిన్నవాళ్ళు బెరడు, చితుకులు తట్టల్లోకి ఏరేవాళ్ళు. తుమ్మ బెరడు ఒకప్పుడు తోళ్ళు పదును చేసేవాళ్ళు కొనేవారని నాయనమ్మ చెప్పేది. మా కాలానికి ఎవరూ రాలేదు, అదీ పొయ్యిలోకే పోయింది. ఎండిన కట్టెను తొలకరి లోపల చూరు కిందికి చేర్చాలి. ఆ మోత మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని, అక్కయ్యలది. సాయంత్రానికి అందరి చేతులూ కాయలు కాచి, ఒంటి నిండా తుమ్మ వాసన. పక్కింటి వాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. "మీ ఇల్లంటే ఇల్లురా" అనేవారు. పదేళ్ళ వయసులో ఆ మాటకు మా ఛాతీ ఎంత పొంగేదో చెప్పలేం.

గొడ్డలి మాత్రం మాకు వెంటనే చేతికి రాలేదు. అందుకు కారణం మా వయసొక్కటే కాదు.

మా తాతను మేం చూడలేదు. ఊళ్ళో ఆసాముల ఇళ్ళల్లో పెళ్ళయితే గాడిపొయ్యి తవ్వడం, దానికి సరిపడా కట్టె చీల్చడం ఆయన పని. వంట చేసేది ఇంకొకరు, పంక్తిలో కూర్చునేది మరొకరు. అందరూ తిని లేచాక దొడ్డివైపు నుంచి ఆయన తెచ్చుకున్న గిన్నెలో పెట్టేవారు. ఆయన చీల్చిన కట్టెతో ఉడికిన అన్నం దగ్గరికి ఆయన వెళ్ళకూడదు. కట్టెకు లేని మైల మనిషికి వచ్చింది. నాన్న చిన్నతనంలో ఆ గిన్నె పట్టుకుని తాత వెంట వెళ్ళేవాడట. అందుకే మా చేతికి గొడ్డలి ఇవ్వడానికి ఆయనకు మనసొప్పేది కాదు. "వీళ్ళకు పెన్ను చాలమ్మా" అనేవాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఊరి పొయ్యికి కొట్టావంటే నామోషీ పడు, మనింటి పొయ్యికి కొట్టుకోవడానికి నామోషీ ఏంట్రా? తిని చదువుకుంటారా, తినకుండా చదువుకుంటారా?" అంది. ఆ ఏడే పెదనాన్న మా ఇద్దరికి, అంటే మాకూ చిన్నాన్న కొడుక్కీ, చిన్న గొడ్డలి ఇచ్చి వెనక నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టడం, దెబ్బ పడే చోటికి కాలు రాకుండా చూసుకోవడం, ఎదురుగా ఎవరూ లేరని చూశాకే ఎత్తడం, ఇవన్నీ వారం రోజులు చెప్పాడు. ఆ వారంలో మేం చీల్చింది పట్టుమని పది పేళ్ళు లేవు.

డాక్టర్ అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కులనిర్మూలన'లో కులం పనిని మాత్రమే విడదీయలేదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీసిందని వాదించారు. మేం దాన్ని డిగ్రీలో చదివాం. చదువుతున్నప్పుడు మాకు తాత గిన్నె, నాయనమ్మ మాట రెండూ గుర్తొచ్చాయి. ఒకే గొడ్డలి, ఒకే తుమ్మ. ఒకచోట మనిషిని దొడ్డివైపు నిలబెట్టింది, ఇంకోచోట పద్నాలుగు మందిని ఒక పొయ్యి చుట్టూ కూర్చోబెట్టింది.

ఇంతవరకూ రాసింది మేం డిగ్రీలో ఉన్నప్పుడు వక్తృత్వ పోటీలో చెప్పిందే. 'మా ఉమ్మడి కుటుంబం – శ్రమ విలువ' అని మాట్లాడి రెండో బహుమతి తెచ్చుకున్నాం. ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్ళి అదే ఉపన్యాసం అందరి ముందూ మళ్ళీ చెప్పాం. పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు. పండక్కి అత్తారింటి నుంచి వచ్చిన మా పెద్దక్క అరుగు దగ్గర అంట్లు తోముతూ వింటోంది. అంతా అయ్యాక, "బాగా చెప్పావు గానీ, మీరు కట్టెలు కొట్టింది ఏడాదికి ఎన్ని రోజులు?" అంది.

లెక్క వేశాం. వేసవిలో ఇరవై రోజులు, మధ్యలో అక్కడక్కడా ఆదివారాలు, మొత్తం కలిపి నెల మించదు. నీళ్ళు మోయడం, గొడ్లకు గడ్డి వేయడం వేరే. అక్క తన లెక్క చెప్పింది. పద్నాలుగు కంచాలు, రెండు పూటలా ఇరవై ఎనిమిది. గిన్నెలు, చెంబులు, మసి పట్టిన అన్నం డేగిశా. ఇంకా వాకిలి ఊడవడం, కళ్ళాపి, బియ్యం ఏరడం, బట్టలు. పండగలేదు, ఆదివారం లేదు, జ్వరమొస్తే చెల్లెలికి రెట్టింపు. "మీరు కట్టె కొడుతుంటే ఊరంతా వచ్చి చూసేది. మేం తోమిన కంచం ఎవరైనా చూశారా, జిడ్డుంటే తప్ప?" అంది. అక్క పదో తరగతి మొదటి శ్రేణిలో పాసై ఆగిపోయిన మనిషి. ఆ ఏడే మేమిద్దరం మగపిల్లలం ఆరో తరగతికి హాస్టల్లో చేరాం. మేం వెళ్ళాక మా వంతు పనులు ఎవరు చేశారని అప్పటిదాకా మేం అడగనే లేదు.

మేం ఎకనామిక్స్ చదువుతున్నాం. ఇంట్లో జీతం లేకుండా చేసే పని జాతీయాదాయం లెక్కలోకి రాదని మా పుస్తకంలో ఒక పేరాలో ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కేంద్ర గణాంక శాఖ 2019లో మొదటిసారి దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81.2 శాతం మంది రోజూ జీతం లేని ఇంటి పని చేస్తున్నారని తేలింది. మగవాళ్ళలో ఆ సంఖ్య 26.1 శాతం. చేసేవాళ్ళు కూడా ఎంతసేపు చేస్తున్నారంటే, ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 అయ్యాయి. ఆడవాళ్ళ పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళది తొమ్మిది తగ్గింది. అంటే తగ్గిన పనిలో కూడా మనం దాదాపు సమాన వాటా తీసుకున్నామన్నమాట! సమానత్వం ఒక్క ఇక్కడే సాధించాం.

మగవాళ్ళ పని ఎందుకు తగ్గిందో సర్వే చెప్పదు. మా ఇంటి సంగతి మాకు తెలుసు. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన దీపం పథకంలో డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. మా పెద్దమ్మ పేరు మీదా ఒకటి వచ్చింది. సిలిండరు నింపించే డబ్బు లేక అది చాలా ఏళ్ళు చుట్టాలొస్తే టీ కాచే వస్తువుగానే ఉండిపోయింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు 1న రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్న దీపం–2 మొదలైంది. మధ్యలో మా ఇంట్లో చేతికి నాలుగు డబ్బులు ఆడాయి, చిన్నాన్న వాళ్ళు వేరుపడ్డారు, ఒక్కో పొయ్యీ గ్యాసుకు మారింది. మేం దీనికి ఏడవడం లేదు. పొగ గొట్టం ఊది ఊది నాయనమ్మ కళ్ళు పోగొట్టుకుంది, అమ్మ దగ్గు చలికాలం మొత్తం వినేవాళ్ళం. ఇళ్ళల్లో వంట పొగ లాంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కట్టెల పొయ్యి మీద అన్నం రుచి అని ఎవరైనా కవిత్వం చెబితే, ఆ పొయ్యి ముందు ఒక వానాకాలం కూర్చుని చెప్పమనండి.

అయితే ఒకటి గమనించండి. కట్టె పోయింది, దానితో గొడ్డలి పట్టే మగపిల్లల వంతు పోయింది. బజారులోకి కుళాయి వచ్చింది, నీళ్ళు మోసే వంతు పోయింది. గొడ్లు అమ్మేశాం, గడ్డి కోసే వంతు పోయింది. యంత్రం వచ్చి, పైపు వచ్చి, సిలిండరు వచ్చి తీసేసినవన్నీ మనవే. కంచాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాకిలి ఎక్కడికీ పోలేదు. పాత వంతులు పోయినప్పుడు ఇల్లంతా కూర్చుని కొత్త వంతులు వేసుకోవాలి కదా? ఎవరూ వేయలేదు. మేం ఖాళీ అయ్యాం, ఖాళీ అయిన సంగతి కూడా మాకు తెలియలేదు. సెలవులకు ఇంటికి వెళ్తే మంచం మీద కూర్చుంటే కంచం వస్తుంది, తిని చేయి అందులోనే కడిగితే కంచం వెళ్ళిపోతుంది. హాస్టల్లో ఎవరి కంచం వాళ్ళు కడుక్కునే మనం ఇంటి గడప దాటగానే ఆ విద్య మర్చిపోతాం!

ఇక్కడ హాస్టలు మాట రాయకపోతే ఈ వ్యాసం సగమే. ఎందుకంటే "పని చేస్తే తప్పేంటి" అన్న మాట మన విషయంలో చాలా మంది దుర్వినియోగం చేశారు.

మేం ఆరో తరగతిలో చేరిన హాస్టలు పేరు రాయం. వంటమనిషి ఉంది, కమాటి పోస్టు ఖాళీ, వాచ్‌మన్ కాగితం మీద ఉన్నాడు. నూరు మందికి పైగా పిల్లలం. కమాటి పని ఎవరు చేయాలి? మేమే. గదులు మేమే ఊడ్చాం, మరుగుదొడ్లు మేమే కడిగాం. గ్యాసు అయిపోయిన రోజుల్లో కట్టెల అడితి నుంచి వచ్చిన మొద్దులను మేమే చీల్చాం. పెద్దాయన కుర్చీలో కూర్చుని, "ఇంట్లో చేయరా ఏంటి? శ్రమ విలువ నేర్చుకోండి" అనేవారు. ఇంట్లో చేస్తాం. కానీ ఇంట్లో పెదనాన్న సమ్మెట పట్టి ముందు నిలబడతాడు, పిల్లవాడి చేతికి గొడ్డలి ఇచ్చి వెనక నిలబడతాడు. ఇక్కడ వెనక ఎవరూ లేరు. ఎనిమిదో తరగతిలో ఒక సాయంత్రం, స్టడీ అవర్లో, చిన్నాన్న కొడుకు చేతిలో గొడ్డలి జారి పాదం మీద పడింది. కుట్లు పడ్డాయి. ఇంటికి వెళ్ళాడు. గాయం మానేసరికి పరీక్షలు అయిపోయాయి. తరవాత ఏడు వస్తానన్నాడు, రాలేదు. మా ఇద్దరిలో లెక్కలు బాగా వచ్చింది వాడికే. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద పనిచేస్తున్నాడు. బాగానే సంపాదిస్తున్నాడు, మా ఫీజుకూ రెండుసార్లు సర్దాడు. "నా కాలు దెబ్బతో మన ఇంట్లో ఒక పీజీ తగ్గింది రా" అని నవ్వుతాడు. మేం నవ్వలేం.

కాబట్టి మా మాట స్పష్టంగా రాస్తున్నాం. కమాటి, వంటమనిషి, వాచ్‌మన్ పోస్టులు ప్రభుత్వం నింపాల్సిందే. ఖాళీ పోస్టును పిల్లల చేతులతో నింపి దానికి శ్రమ విలువ అని పేరు పెడితే ఒప్పుకోకూడదు. దొరల పిల్లలు చదివే కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళలో ఎవరికీ నేర్పని శ్రమ విలువ మనకే ఎందుకు నేర్పుతున్నారో అడగాలి. 1917 నవంబరులో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మన పెద్దలు పంచములన్న పేరు వదిలి ఆదిఆంధ్రులమని చెప్పుకున్నారు. వాళ్ళ మునిమనవలం మనం. ఎవరి కుర్చీ ముందూ గొడ్డలి పట్టుకుని నిలబడాల్సిన పని లేదు.

మరి ఇంట్లో అమ్మ ముందు మనం వేసుకు కూర్చున్న కుర్చీ సంగతి? హాస్టల్లో పెద్దాయన మాతో చేసింది, సెలవుల్లో మేం అక్కతో చేసింది పక్కపక్కన పెట్టి చూస్తే మాకు పెద్ద తేడా కనిపించలేదు. ఈ వాక్యం రాయడానికి మాకు మూడు రోజులు పట్టింది.

పని పంచుకోవడం అనగానే మా వైపు వాళ్ళకు ఒక ఇల్లు గుర్తొస్తుంది. మా ఊరికి దగ్గర్లోనే ముదునూరు. మచిలీపట్నం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గోరా గారు నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో భార్య సరస్వతి గారితో, పిల్లలతో ఆ ఊరు చేరి నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. తొమ్మిది మంది పిల్లలు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆ దంపతులు పల్లెలో అన్ని కులాల వాళ్ళతో సహపంక్తి భోజనాలు పెట్టారు. అంతటితో ఆగలేదు. పెద్దమ్మాయి మనోరమ గారికి, దళితుడైన అర్జునరావు గారికి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి జరిగింది. గాంధీజీ దగ్గరుండి జరిపించాల్సిన పెళ్ళి, అంతకు ముందే జనవరిలో ఆయన హత్య జరిగింది. ఉప్పు సత్యాగ్రహం కాలంలో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆ లవణం గారు 1960లో మన గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలత గారిని పెళ్ళాడారు. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన మనకు ఇక్కడ అక్కర్లేదు, మా నాయనమ్మ ఆదివారం చర్చి మానదు. మాకు కావలసింది ఇంతే: ఎవరు వండవచ్చు, ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినవచ్చు అన్న చోటే కులం కూర్చుని ఉందని వాళ్ళు గ్రహించి, ముందు సొంత ఇంట్లో దాన్ని లేపారు. ఊరిని మార్చే ఉపన్యాసం తరవాత ఇచ్చారు. మేమేమో ముందు ఉపన్యాసం ఇచ్చి బహుమతి తెచ్చుకున్నాం.

ఇదంతా చెబితే ఇంట్లో మొదట అడ్డుపడేది అమ్మే. మొన్న దసరా సెలవుల్లో మేం అంట్ల దగ్గర కూర్చుంటే అమ్మ చీపురు తీసుకుంది. "పీజీ చదివే కొడుకు గిన్నెలు తోముతుంటే చూసినోళ్ళు నన్నంటారు" అంది. ఆమె బాధ అర్థమవుతుంది. తరతరాలుగా చేతులతో బతికిన ఇంట్లో ఒక్క జత చేతులైనా మెత్తగా ఉండాలన్న ఆశ అది, నాన్న గొడ్డలి వద్దన్నప్పుడు ఉన్నదీ అదే. ఆ ఆశను ఎగతాళి చేయం. కానీ ఆ మెత్తని చేతుల ఖర్చు అక్క చేతుల మీద పడింది కదా. రెండు రోజులు గొడవయ్యాక అమ్మ రాజీకి వచ్చింది. వాకిలి వైపు కాదు, దొడ్డివైపు కూర్చుని తోముకోమంది. దొడ్డివైపు! తాతను నిలబెట్టిన చోటే. ప్రస్తుతానికి అక్కడే తోముతున్నాం. ఉగాదికి వాకిలి వైపు వస్తామని చెప్పాం, చూడాలి.

మొదట్లో మేం తోమిన డేగిశా అక్క చూసి మళ్ళీ తోమింది. బూడిదతో తోమాలా, సబ్బుతోనా, పీచు ఎటు తిప్పాలి అన్నవి కూడా మేకు ఎక్కడ దిగ్గొట్టాలన్నంత నేర్పున్న పనులేనని అప్పుడు తెలిసింది. ఎవరూ మాకు వెనక నిలబడి వారం రోజులు నేర్పలేదు, మేం అడగలేదు కూడా.

ఇప్పుడున్న మన హాస్టలు గురించి రెండు ముక్కలు. ఇక్కడ మెస్ కమిటీ ఉంది, కూరగాయలు తరగడానికి వంతులు గోడ మీద రాసి ఉన్నాయి. బాగుంది. కానీ ఆ జాబితాలో పీజీ వాళ్ళ పేర్ల పక్కన 'పర్యవేక్షణ' అని ఉంటుంది. పర్యవేక్షణ అంటే కుర్చీయే. మేం సంపాదకవర్గానికి ఈ వ్యాసం ఇచ్చిన రోజే మెస్ కమిటీకి ఇంకో కాగితం ఇచ్చాం. ఆ మాట కొట్టేసి అందరి పేర్లూ వరసలో వేయమని రాశాం. మా పేరు ఉల్లిపాయల దగ్గర వేసుకున్నాం. కమిటీలో ఇంకా తేలలేదు, సీనియర్లలో కొందరికి కోపంగా ఉంది. వాళ్ళు ఈ సంచికలోనే పక్క పేజీలో జవాబు రాసినా మాకు అభ్యంతరం లేదు.

పోయినేడు వార్షికోత్సవానికి అయిదు వందల మందికి గాడిపొయ్యి మీద వంట చేయించాం. అంత పెద్ద గుండిగలకు మన గ్యాసు పొయ్యిలు ఆగవు. కట్టె మోసింది ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు. షామియానా కింద కుర్చీల్లో మేమూ, ఉద్యోగాల నుంచి వచ్చిన అన్నలూ కూర్చుని ఆ రోజుల్లో హాస్టలు ఎట్లా ఉండేదో చెప్పుకున్నాం. ఆ పిల్లల్లో ఒకడి చెప్పు తెగి ఉంది. ఫొటోలో కనిపిస్తుంది, పోయినేటి సంచిక వెనక అట్ట మీద చూడండి.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చే అన్నలకు ఒక మనవి. ఇస్త్రీ చొక్కాతో రండి, ఫొటోలు దిగండి, తరవాత మార్చుకోవడానికి ఒక పాత లుంగీ కూడా సంచిలో పెట్టుకోండి. వంటశాల వెనక రెండు తుమ్మ మొద్దులు దించి ఉంటాయి. మేకులు, సమ్మెట ఉయ్యూరు నుంచి పెదనాన్న పంపిస్తున్నాడు. ఆటోనగర్ నుంచి చిన్నాన్న కొడుకు కూడా వస్తానన్నాడు, గొడ్డలి ఎట్లా పట్టాలో చిన్నవాళ్ళకు వాడే చెబుతాడట. భోజనాలయ్యాక అయిదు వందల కంచాలుంటాయి. ఆ వంతుకు ఇప్పటిదాకా పేర్లు ఇచ్చినవాళ్ళం ఆరుగురం.

జాబితా నోటీసు బోర్డు మీద ఉంది, పెన్ను దారానికి కట్టి ఉంచాం.